పక్క కుర్చీ మీద కన్ను

మైకు అన్న పేరు ఆయనకు తల్లిదండ్రులు పెట్టింది కాదు, సంఘం పెట్టింది. ఒక ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. మైకు మూగబోయింది. పాస్టరుగారు ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటే మూడో వరసలోంచి ఈయన లేచి ప్రార్థన అందుకున్నాడు. చివరి బెంచీలో కూర్చున్న చెవిటి ముసలమ్మ కూడా సరిగ్గా సమయానికి "ఆమేన్" అంది. ఆ రోజు నుంచి ఆయన మైకు అయిపోయాడు. ఆ పేరు పెట్టి పిలిస్తే పైకి చిరాకు పడేవాడు గానీ లోపల ఎంత మురిసిపోయేవాడో ఆయన భార్యకు బాగా తెలుసు.

చేసేది సెలూను పని. మందుల షాపుకూ తాళాలు బాగుచేసే కొట్టుకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న సెలూను అది. మూడు కుర్చీలు, మూడు అద్దాలు, ఎదురుగా గోడ వెంట ఒక పొడుగాటి బల్ల. గిరాకీలు ఆ బల్ల మీద కూర్చుని పాత పేపర్లు తిరగేస్తూ వంతు కోసం చూస్తారు. వీధి వైపు మొదటి కుర్చీ యజమానిది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. నడిమి కుర్చీ మైకుది, ఇరవై రెండేళ్ళుగా. మూడోది వెనక గది తలుపు పక్కన, వెలుతురు సరిగా పడని మూల. అక్కడ ఆరేళ్ళుగా నిదానం పని చేస్తున్నాడు.

నిదానం కూడా పెట్టిన పేరే. అతను ఒక తల ముగించేలోపు మైకు రెండు తలలూ ఒక గడ్డమూ ముగించి చేతులు కడుక్కునేవాడు. మైకు చేతిలో కత్తెర ఆడితే చూడముచ్చటగా ఉంటుంది. చెవి వెనక వంపు తీయడంలో, మెడ దగ్గర గీత దించడంలో ఆయనకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఈ మాట నేను అనడం కాదు, పెద్దాయనే అనేవాడు. మరి అంతటి పనివాడికి ఏం లోటు?

లోటు బల్ల మీద ఉంది. నడిమి కుర్చీ ఖాళీగా ఉన్నా బల్ల మీదివాళ్ళు లేవరు. మైకు తువ్వాలు దులిపి, కుర్చీ తుడిచి, "రండి రండి" అంటాడు. "పర్లేదండీ, తొందరేం లేదు, ఆయన దగ్గర చేయించుకుంటాను" అని మూడో కుర్చీ వైపు చూస్తారు. మొదట్లో ఒకరిద్దరు. తర్వాత నలుగురు. ఆరో ఏడు వచ్చేసరికి శనివారం పూట బల్ల మీద సగం మంది ఆ మూల కోసమే ఆగేవారు. "పర్లేదండీ" అన్న మాట మైకుకు పుండు మీద కారం చల్లినట్టుండేది.

'వాడిలో ఏముంది? అదే కత్తెర, అదే దువ్వెన, అదే పౌడరు. పైగా మాటా లేదు మంతీ లేదు.' ఇలా లోపల లోపల కుళ్ళిపోయి, ఒకనాడు ఆయన తానూ నిదానంగా చేసి చూద్దామనుకున్నాడు. ఒక్కో వెంట్రుకనూ బుజ్జగిస్తున్నట్టు కత్తిరించాడు. కుర్చీలో ఉన్నాయన అద్దంలోంచి చూసి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. మర్నాడు మాట్లాడకుండా పని చేశాడు. "ఇంట్లో ఏమైనా గొడవా?" అన్నాడు ఆ వచ్చినాయన. మూడో రోజు నుంచి మైకు మళ్ళీ మైకులాగే ఉన్నాడు.

మధ్యాహ్నం తిండి వేళ నిదానం వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేవాడు. పావుగంట తర్వాత బయటికొచ్చేవాడు. ఆ గదిలో పౌడరు డబ్బాలు, ఉతకాల్సిన తువ్వాళ్ళు, ఒక విరిగిన కుర్చీ తప్ప ఏమీ లేవు. ఆ పావుగంట కునుకు తీస్తున్నాడని మైకు తేల్చేశాడు. "మనకీ కళ్ళు మూతలు పడతాయి, మనమేం చేస్తున్నాం? నిలబడే ఉన్నాం కదా" అని పెద్దాయన చెవిలో వేశాడు కూడా. పెద్దాయన ఆ చెవితో విని ఈ చెవితో వదిలేశాడు.

వారమంతా ఇలా గడిచినా ఆదివారం మాత్రం మైకుదే. ఆ విషయంలో ఎవరికీ సందేహం లేదు. సంఘంలో రోగుల కోసం ప్రార్థన చేసే పని ఆయనది. కుర్చీలో కూర్చున్నవాళ్ళు చెప్పే కబుర్లలోంచి ఎవరికి ఏం జబ్బు చేసిందో వారమంతా ఏరుకునేవాడు. ఆదివారం లేచి నిలబడి కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి ప్రభువు ముందుంచేవాడు. ఫలానా వీధి మలుపు దగ్గర నీలం గేటు ఇంట్లో ఉండే మాస్టారు, కుడి వైపు పడిపోయి ఎనిమిది నెలలైంది, ఇద్దరు డాక్టర్లు చూశారు, ఇద్దరూ పెదవి విరిచారు, ప్రభువా! ఇలా చెబుతుంటే ప్రభువుకు దారి తప్పే అవకాశమే లేదు. చివర గొంతు వణికించి, "మంచాన పడినవారి దగ్గరికి నీవే ఎవరినైనా పంపు తండ్రీ" అనేవాడు. ఆ వణుకుకు ఆడవాళ్ళ బెంచీల్లో ముక్కులు ఎగబీల్చడం వినిపించేది. అప్పుడప్పుడు ఓరకంట చివరి బెంచీ వైపు చూసేవాడు. తలుపు పక్కన నిదానం తల పూర్తిగా వంచేసి కూర్చుని ఉండేవాడు. వాడు ప్రార్థిస్తున్నాడో నిద్రపోతున్నాడో అక్కడ కూడా తెలిసేది కాదు.

ఆ ఏడాది పెద్దాయనకు మోకాళ్ళు మొరాయించాయి. ఒకరోజు మధ్యాహ్నం పని ఆపి ఇద్దరినీ పిలిచాడు.

"ఒరేయ్, ఈ నెలాఖరుతో నేను ఆగిపోతున్నా. నిలబడలేకపోతున్నా. మీ ఇద్దరిలో ఒకడు ఈ కొట్టు చూసుకోవాలి. ఎవరికివ్వాలా అని ఆలోచిస్తున్నా."

ఆలోచిస్తున్నా! ఆ ఒక్క మాట మైకును కత్తి కంటే లోతుగా కోసింది. ఇరవై రెండేళ్ళకూ ఆరేళ్ళకూ మధ్య ఆలోచించడానికి ఏముంది? ఇంటికెళ్ళి భార్యకు చెబితే ఆమె చేతిలో పని కింద పడేసింది.

"ఆలోచించడమేంటండీ? మీరు చేరినప్పుడు ఆ పిల్లాడికి మీసాలైనా వచ్చాయా? మీరు గట్టిగా అడగాలి."

"అడక్కుండానే ఇస్తాడనుకున్నా."

"సంఘంలో అంత గొంతేసుకుని అడుగుతారు కదా, అక్కడ ఒక్క మాట అడగలేరా?"

ఆ రాత్రీ పగలూ ఆయనకు తిండి సహించలేదు. కళ్ళు మూస్తే మొదటి కుర్చీలో నిదానం, కళ్ళు తెరిస్తే మూడో కుర్చీ దగ్గర నిదానం.

సోమవారం సెలూనుకు సెలవు. ఆ సోమవారం పొద్దున భార్య కళ్ళజోడుకు కొత్త కాడ వేయించుకు రావడానికి మైకు బయల్దేరాడు. రెండు వీధులు దాటాడో లేదో ముందు నిదానం నడుస్తూ కనిపించాడు. భుజాన సంచి. ఆ సంచి ఆకారం చూస్తే మరొకరికి తెలియకపోవచ్చు గానీ సెలూను పనివాడికి ఇట్టే తెలుస్తుంది. లోపల పెట్టె ఉంది, పెట్టెలో కత్తెర ఉంది. మైకు అడుగు నెమ్మది చేశాడు. నిదానం నీలం గేటు తీసి మాస్టారి ఇంట్లోకి వెళ్ళాడు. ముప్పావుగంట తర్వాత బయటికొచ్చి, పెరటి కుళాయి దగ్గర తువ్వాలు పిండుకుని, మరో వీధికి నడిచి, వెన్ను విరిగి మంచం పట్టిన లారీ డ్రైవరు ఇంటి తలుపు తట్టాడు. అక్కడి నుంచి ఇంకో ఇల్లు. ముగ్గురూ ఒకప్పుడు ఆ పొడుగాటి బల్ల మీద కూర్చుని వంతు కోసం ఆగినవాళ్ళే.

మైకు గుండె దడదడ కొట్టుకుంది. బాధతో కాదు, సంతోషంతో. ఎందుకంటే పెద్దాయనకు ఒక్క నియమం ఉంది, ఒక్కటే ఉంది. కొట్టు గిరాకీల దగ్గర బయట డబ్బు పుచ్చుకోకూడదు. వెనకటికి ఒక భాగస్వామి ఇలాగే సెలవు రోజున ఇళ్ళకు తిరిగి తిరిగి సగం గిరాకీని లాక్కుపోయాడు. అప్పటి నుంచి పెద్దాయన దగ్గర ఆ పేరెత్తితే చాలు, ఆయన ముఖం కందగడ్డ అయిపోతుంది. కళ్ళజోడు సంగతి మరచిపోయి మైకు ఇంటికి తిరిగొచ్చాడు. ఆ పూట భార్య తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి.

మంగళవారం సెలూను తెరిచిన కాసేపటికి పెద్దాయనను పక్కకు పిలిచి చెప్పాడు.

"నిజంగా చూశావా?" అన్నాడు పెద్దాయన.

"నా కళ్ళారా చూశానండి. డబ్బు తీసుకుని జేబులో పెట్టుకుంటుంటే కూడా చూశా. మిగతా గిరాకీలతో కూడా ఇక కొట్టుదాకా రావద్దు, నేనే వస్తానంటున్నాడట."

ఈ చివరి రెండు ముక్కలూ ఆయన చూడలేదు, వినలేదు. నాలుక దానంతటదే కలిపేసింది. ఆరేళ్ళుగా లోపల కుతకుత ఉడికినదానికి మూత తీసిన క్షణం అది, ఎంత పొంగిందో ఆయనే చూసుకోలేదు. కలిపాక ఒక్కసారి ఒళ్ళు జలదరించింది. కానీ అప్పటికే పెద్దాయన మూడో కుర్చీ వైపు తిరిగాడు.

"ఒరేయ్! సోమవారాలు మన గిరాకీల ఇళ్ళకెళ్ళి పని చేస్తున్నావా? అవునా, కాదా?"

నిదానం చేతిలో దువ్వెన ఆగింది. "అవునండి."

"నీలం గేటు మాస్టారింటికి?"

"అవునండి."

"ఇంకేం చెప్పకు. ఈ శనివారం దాకా చెయ్యి. ఆ తర్వాత ఈ గడప తొక్కకు."

నిదానం నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. "సరేనండి" అని, కుర్చీలో సగం జుట్టుతో బిక్కమొహం వేసుకుని కూర్చున్నాయన వైపు తిరిగి మళ్ళీ దువ్వెన అందుకున్నాడు. ఆ తలను కూడా ఎప్పటిలాగే చేశాడు, ఒక్క వెంట్రుక తొందర లేకుండా.

మైకు ఎగిరి గంతేయాల్సిన రోజది. మరి ఎందుకో గంతు రాలేదు. పైగా కొత్త కుళ్ళొకటి పుట్టింది. 'చీవాట్లు తినడం కూడా వీడికే బాగా వచ్చు' అనుకున్నాడు. తనను అలా అందరి ముందు అడిగి ఉంటే ఎంత రాద్ధాంతం చేసేవాడో ఆయనకు తెలుసు.

భార్య మాత్రం ఆ సాయంత్రమే కొట్టు గుమ్మానికి కొత్త తెర గుడ్డ ఏ రంగుదైతే బాగుంటుందా అని మొదలుపెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన భోజనానికి ఇంటికెళ్ళాడు. నిదానం వెనక గదిలో ఉన్నాడు, తలుపు దగ్గరగా వేసి ఉంది. బల్ల ఖాళీ. మైకు కత్తెరకు నూనె వేసుకుంటుంటే గుమ్మంలో ఒక నడివయసు ఆవిడ వచ్చి నిలబడింది. నీలం గేటు మాస్టారి కూతురు. ఆడవాళ్ళు ఆ సెలూను గడప తొక్కరు, అందుకని మెట్టు మీదే నిలబడి తలుపు రెక్క పట్టుకుంది.

"ప్రార్థన చేసే అన్నయ్య మీరే కదండీ?"

"నేనే అమ్మా." ఆ పిలుపుకు ఆయన ఛాతీ కొంచెం వెడల్పయింది.

"మీ పక్క కుర్చీ తమ్ముడు ఇక రాలేనని కబురు పెట్టాడు. వేరే ఊళ్ళో పని వెతుక్కోవాలట. మా నాన్న పొద్దుట్నుంచి గోడ వైపు తిరిగి పడుకున్నారు, అన్నం కూడా ముట్టలేదు. మీరు చెబితే వింటాడేమో అని వచ్చాను."

"నేను చెబితేనా?"

"పంపింది మీరే కదండీ."

మైకు చేతిలో నూనె సీసా అలాగే ఉంది.

"మొదటిసారి వచ్చినప్పుడు మా నాన్న గట్టిగా అడిగారండీ, నిన్నెవరు పంపారు అని. 'ఆదివారం మా అన్నయ్య మీ కోసం ప్రార్థన చేశాడు మాస్టారూ. పేరూ ఇల్లూ అన్నీ చెప్పి, ఎవరినైనా పంపమని దేవుణ్ణి అడిగాడు. విన్నాను కదా, వచ్చాను' అన్నాడు. ఆ డ్రైవరు గారింట్లో కూడా అదే చెప్పాడట. మీరు ఎవరి పేరు చెబితే వాళ్ళింటికి వెళ్తాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "గడ్డం ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేదాన్ని కాదండీ. ఒళ్ళు తుడుస్తాడు. గోళ్ళు తీస్తాడు. పక్క మారుస్తాడు. కూతుర్ని, నా చేత చేయించుకోవడానికి మా నాన్న ఒప్పుకోరు. అతని చేత చేయించుకుంటారు."

"డబ్బు..." అన్నాడు మైకు.

"అయ్యో, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడండీ. మా నాన్న సంగతి మీకు తెలుసుగా, ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోరు. అందుకని అతనే ఉపాయం చెప్పాడు. 'నాకు సరిగా చదవడం రాదు మాస్టారూ, గడ్డం నురుగు నానేలోపు నాకు ఒక పేజీ చదివి పెట్టండి, అదే నాకు జీతం' అన్నాడు. మా నాన్న ఇప్పుడు సోమవారం కోసం పుస్తకం సిద్ధం చేసుకుని కూర్చుంటారు. పని అయ్యాక తువ్వాలు మడుస్తూ కళ్ళు మూసుకుని కాసేపు నిలబడతాడు. ఏం చేస్తున్నావురా అంటే 'నడుం పట్టేసిందండి, కాస్త ఆగుతున్నా' అంటాడు. నడుం నొప్పికి పెదవులు కదులుతాయా అండీ? మా నాన్నకు తెలుసు, తెలియనట్టే ఉంటారు."

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒక్క మాటండీ. ఇది బయట ఎక్కడా అనకండి. తన పక్క ఎవరో మారుస్తున్నారని నలుగురికీ తెలిస్తే మా నాన్న బతకరు. ఎవరికీ చెప్పనని అతని దగ్గర మాట తీసుకున్నారు. మీరంటే పంపినవారు కాబట్టి చెప్పాను."

ఆవిడ వెళ్ళిపోయింది. మైకు తన కుర్చీలో తానే కూలబడ్డాడు. ఎదురుగా అద్దం. ఇరవై రెండేళ్ళుగా ఆ అద్దంలో ఇతరుల ముఖాలే చూశాడు, ఇప్పుడు తనది చూడాల్సి వచ్చింది.

ముందుగా లేచింది పశ్చాత్తాపం అని రాస్తే బాగుంటుంది. కానీ ముందు లేచింది కడుపుమంటే. ప్రార్థన నాది, జవాబు వీడా? ఎనిమిది నెలలుగా నేను గొంతు చించుకుని అడుగుతుంటే దేవుడు పంపింది నా పక్క కుర్చీవాణ్ణా? ఆ తర్వాతే రెండో ఆలోచన వచ్చింది, అది మొదటిదాని కంటే ఘోరంగా ఉంది. నీలం గేటు ఇల్లు ఆయన ఇంటికి రెండు వీధుల దూరం. ఎవరినైనా పంపు అని అడిగిన ఆ నోటితోపాటు రెండు కాళ్ళు కూడా తనకున్నాయని ఎనిమిది నెలల్లో ఒక్కసారీ తోచలేదు. ఆ తర్వాత మంగళవారం నాటి మాటలు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

వెనక గది తలుపు తెరుచుకుంది. నిదానం మోకాళ్ళ దగ్గర అంటిన దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చాడు. ఆరేళ్ళుగా రోజూ ఆ దుమ్ము అక్కడే ఉండి ఉంటుంది. కునుకు తీసేవాడికి మోకాళ్ళకు దుమ్మెందుకు అంటుతుందని మైకు ఎన్నడూ అడగలేదు.

"మాస్టారి కూతురు వచ్చింది" అన్నాడు మైకు.

నిదానం ముఖం పాలిపోయింది. "మీకు చెప్పిందా అన్నయ్యా?"

"చెప్పింది. పెద్దాయనకు ఎందుకు చెప్పలేదురా? నీ పొట్ట కొడుతుంటే ఊరుకుంటావా?"

"మాట ఇచ్చాను కదన్నయ్యా. పెద్దాయనకి చెబితే బల్ల మీద అందరికీ తెలుస్తుంది. మాస్టారి పరువు పోతుంది."

"పెద్దాయనకి నేనేం చెప్పానో తెలుసా నీకు?"

"డబ్బు సంగతి తాళాల కొట్టాయన చెప్పాడు. ఆయనకి గోడలోంచి అన్నీ వినిపిస్తాయి."

"మరి నా మీద కోపం లేదా?"

నిదానం ఆలోచించాడు. ఆ ప్రశ్నకు కూడా తొందరేం లేదు అతనికి.

"ఉందన్నయ్యా. మంగళవారం నుంచి ఉంది. దాని కోసమే లోపలికెళ్ళి రోజూ అడుగుతున్నా. ఇంకా పోలేదు."

ఇలా అనేసి చీపురు తీసుకుని కింద పడ్డ వెంట్రుకలు ఊడవడం మొదలుపెట్టాడు. క్షమించేశాను అని ఉంటే మైకు ఏడ్చేసి, కావలించుకుని, ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పుకుని తేలికపడేవాడే. ఈ జవాబు దగ్గర ఆయనకు పట్టు దొరకలేదు.

ఇంటికెళ్ళాక భార్యతో సగమే చెప్పాడు. డబ్బు పుచ్చుకోవడం నేను చూడలేదు, కల్పించి చెప్పాను, అంతవరకే.

"ఇప్పుడు మిమ్మల్నెవరడిగారండీ? రేపొక్కరోజు నోరు మూసుకుంటే నెలాఖరుకి కొట్టు మనది. జన్మలో ఒక్కరోజు నోరు మూసుకోలేరా?"

"మూసుకుంటే వాడి కూడు పోతుంది."

"మరి తెరిస్తే?"

దీపాలు పెట్టే వేళకు అలవాటు చొప్పున గది మూలకెళ్ళి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. సర్వాధికారీ, సర్వోన్నతుడా, మహిమగల రాజా... బిరుదులన్నీ వరసగా వచ్చాయి. బిరుదులు అయిపోయాక చెప్పడానికి ఒక్క ముక్కే మిగిలింది, అది చెప్పడానికి గొంతు రాలేదు. నేను వాడి మీద కుళ్ళుకుని అబద్ధం చెప్పాను. అంతే, ఇందులో వణికించడానికేమీ లేదు. ఆ చిన్న మాటను గుసగుసగా అన్నాడు, పక్క గదిలో ఉన్న భార్యకు కూడా వినపడనంత చిన్నగా.

శనివారం సెలూను కిక్కిరిసిపోయింది. బల్ల మీద చోటు లేక ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది సంఘంవాళ్ళే. మైకు కుర్చీలో మందుల షాపాయన నురుగుతో ఉన్నాడు. మైకు ఆయన ఎడమ చెంప గీయడం ముగించి, కత్తి తుడిచి, పక్కన పెట్టాడు.

"పెద్దాయనా, ఒక మాట."

"పనయ్యాక చెప్పు."

"పనయ్యాక ధైర్యం ఉండదండి. మంగళవారం నేను చెప్పిందాంట్లో అబద్ధం ఉంది. వీడు డబ్బు పుచ్చుకోవడం నేను చూడలేదు. గిరాకీని రావద్దన్నాడన్నదీ నా కల్పనే. వీడి మీద కుళ్ళుతో చెప్పాను. కొట్టు వీడికిచ్చేస్తారేమోనని."

గొంతు చిన్నదిగా చేద్దామనుకున్నాడు గానీ ఆయనకు దేవుడిచ్చిన గొంతు అది. పక్కన తాళాల కొట్టులో సుత్తి చప్పుడు కూడా ఆగిపోయింది.

పెద్దాయన మోకాలు పట్టుకుని నెమ్మదిగా ఇటు తిరిగాడు. ముఖం కందగడ్డలా ఉంది. నిదానాన్ని అడిగాడు. "నువ్వు డబ్బు పుచ్చుకోలేదా?"

"లేదండి."

"మరి వాళ్ళిళ్ళకెందుకు వెళ్తున్నావు?"

నిదానం తల దించుకున్నాడు. పెద్దాయన మైకు వైపు తిరిగాడు. "వెంటబడి చూశావు కదా, నువ్వు చెప్పు. వీడు ఎందుకు వెళ్తున్నట్టు?"

ఒక్క వాక్యం చాలు. నా ప్రార్థన విని వెళ్తున్నాడండి. ఈ ఒక్క ముక్క అంటే సెలూను సెలూనంతా కరిగిపోతుంది, రేపు సంఘంలో స్తోత్రాలు మోగుతాయి, అబద్ధం సంగతి అందరూ మరచిపోతారు. ఆ వాక్యం ఆయన నాలుక మీదికొచ్చి కూర్చుంది, గొంతు వణుకుతో సహా. అద్దంలో నిదానం కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళలో బతిమాలడం ఉంది. తన ఉద్యోగం పోయిన రోజు లేని భయం ఆ కళ్ళలో ఇప్పుడుంది.

"అది మాత్రం నన్ను అడక్కండి" అన్నాడు మైకు.

"నీ నోటితోనేనా ఆదివారం ప్రార్థన చేసేది?" అన్నాడు పెద్దాయన. ఆయన అరవలేదు. అరిచి ఉంటే నయంగా ఉండేది. "నా కొట్టు వాడిది. నువ్వు ఉంటావో పోతావో నీ ఇష్టం."

మందుల షాపాయన కుర్చీలోంచి లేచాడు. కుడి చెంప నిండా నురుగు అలాగే ఉంది. మెడకు కట్టిన గుడ్డ తానే విప్పుకుని మైకు చేతిలో పెట్టి, వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు, మూడో కుర్చీ కోసం. ఎవరూ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమంతా నడిమి కుర్చీ ఖాళీ. మైకు తువ్వాళ్ళు మడిచాడు. మడిచినవి విప్పి మళ్ళీ మడిచాడు. బల్ల మీద ఎవరూ ఆయన వైపు చూడలేదు, ఆయన ఎవరినీ "రండి రండి" అనలేదు. ఇన్నాళ్ళూ కారణం లేకుండా ఆ మూల కోసం ఆగారు, ఇప్పుడు కారణం తానే చేతికిచ్చాడు. ఇంట్లో భార్య ఏమంటుందో తెలుసు. రేపు పాస్టరుగారు 'కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి' అంటారు, అది కూడా తెలుసు.

నిదానం మందుల షాపాయన కుడి చెంప ముగించాడు. తర్వాతివాడు లేవబోయాడు. నిదానం "ఒక్క నిమిషం" అని చేతులు కడుక్కుని, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి, రెండడుగులు వేసి వచ్చి నడిమి కుర్చీలో కూర్చున్నాడు.

"అన్నయ్యా, చెవుల మీదికొచ్చేసింది. కాస్త కత్తిరించండి."

బల్ల మీద పేపర్లు తిరగడం ఆగిపోయింది.

"అంతమంది ఆగి ఉన్నార్రా" అన్నాడు మైకు.

"ఆగనివ్వండి. మీరు త్వరగా చేస్తారు కదా."

"కోపం పోయిందా?"

"ఇంకా లేదన్నయ్యా. అది పోయేదాకా జుట్టు ఆగదు కదా."

మైకు అతని మెడకు గుడ్డ కట్టాడు. ముడి మొదటిసారి జారిపోయింది, రెండోసారి నిలిచింది. కత్తెర తీసి దువ్వెనతో జుట్టు పైకి లేపాడు. అంతలో, ఆ స్థితిలో కూడా, కడుపులో ఆ పాత మంట ఒక్కసారి భగ్గుమంది. ఇందులోనూ వీడే ముందున్నాడు! తాను ఇంత చేసి, ఇంత పోగొట్టుకుని కూడా, వీడు లేచి వచ్చి కూర్చున్నదాని ముందు తనది చిన్నదైపోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. మెడ వెనక జుట్టు దువ్వుతూ, కళ్ళు తెరుచుకునే, పెదవి కదపకుండా, ఇదిగో ప్రభువా ఇంకా కుళ్ళుతూనే ఉన్నానని ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు.

తర్వాత "తల కొంచెం వంచు" అన్నాడు.